పైకప్పు పని: మృగశిర నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటికి కప్పు మార్చి చూడమని మాత్రం అనలేదు. కొత్తిల్లు కట్టుకునేటప్పుడు పాత ఇంట్లో ఉంటాం. పెళ్ళి చేసేటప్పుడు విడిదింట్లో వండిస్తాం. కప్పు మార్చేటప్పుడు మాత్రం అదే ఇంట్లో, నెత్తిమీద ఆకాశం పెట్టుకుని పొయ్యి వెలిగించాలి, పిల్లల్ని బడికి పంపాలి, వడ్ల బస్తాలు తడవకుండా చూసుకోవాలి. ఆ అవస్థ ఏమిటో ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అని అడగండి. మేస్త్రి తడుముకోకుండా "వారం, పది రోజులమ్మా" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. పని నిజంగా అంతే. కాకపోతే ఆ వారం రోజుల పని మొదలు కావడానికి రెండు నెలలు, మధ్యలో ఆగి మళ్ళీ సాగడానికి ఇంకో నెల పడుతుంది. మేస్త్రి చెప్పేది పని రోజుల లెక్క. మనం వేసుకోవాల్సింది ఎదురుచూసే రోజుల లెక్క. ఈ వారం ఆ లెక్కే చూద్దాం.

ఎందుకింత పట్టింపు?

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మట్టి మిద్దెలు ఇంకా చాలానే ఉన్నాయి. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన చెక్కలో బండలో పరచి, మీద మట్టి పోసి, చౌడు కప్పిన ఇళ్ళవి. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండే మాట నిజమే. అయితే వానకు ముందు ప్రతి ఏడూ ఉరవకుండా కాస్త మట్టి పోస్తుంటాం కదా! ఏడాదికి అరంగుళం చొప్పున పోసినా ఇరవై ఏళ్ళలో పది అంగుళాలు పెరుగుతుంది. దూలం మాత్రం తాతలనాటిదే.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న అర్ర మీద అడుగు మందం మట్టి ఉందనుకోండి. అది 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 45 కిలోలు వేసుకున్నా అయిదు టన్నులు దాటుతుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టి నీళ్ళు తాగిందంటే ఇంకో టన్ను కలుస్తుంది. దూలానికి చెదలు పట్టినా, గోడలో దూలం కూర్చున్న చోట తడి దిగినా ఇక చెప్పేదేముంది?

2020 అక్టోబరులో వనపర్తి జిల్లా బుద్దారంలో ఇంటి కప్పు కూలి ఒకే కుటుంబంలో అయిదుగురు ఆడవాళ్ళు చనిపోయారు. 2021 అక్టోబరులో గద్వాల జిల్లా ఐజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు పోయారు. 2024 జులై నెల మొదలవుతూనే నాగర్‌కర్నూలు దగ్గరి వనపట్లలో మట్టి మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు ప్రాణాలు వదిలారు. అందరూ నిద్రలో ఉన్నవాళ్ళే. ఒకటి వానలు మొదలయ్యే రోజుల్లో, రెండు వానలు వెనక్కి మళ్ళే రోజుల్లో జరిగినవి. అంటే మట్టి మిద్దెకు వానకాలం మొదలూ గండమే, చివరా గండమే.

మీకు భయం పుట్టించాలని ఇవి చెప్పడం లేదు. "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ వచ్చే ఏడు ఏ నెలలో మొదలుపెట్టాలో తెలిస్తే, ఈసారి వాయిదా పడకుండా ఉంటుందని చెబుతున్నాను.

ఏ కప్పుకు ఎన్ని రోజులు?

మూడు అర్రల మామూలు ఇల్లు అనుకుని చెబుతున్నాను. ఇల్లు పెద్దదయితే రోజులూ పెరుగుతాయి.

గూన పెంకులు: పగిలినవి తీసి కొత్తవి సర్దడం అలవాటున్న ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. వాసాలు కూడా పుచ్చిపోయి మార్చాల్సి వస్తే వారం. పెంకులు దొరకడమే ఇప్పుడు కష్టం. కుమ్మరి ఇళ్ళలో గూన పెంకులు చేసేవాళ్ళు తగ్గిపోయారు. విప్పిన పాత ఇళ్ళ పెంకులు ఎక్కడున్నాయో ముందే వాకబు చేసుకోవాలి. ఇక కోతుల సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దున సర్దిన పెంకు సాయంత్రానికి కింద ఉంటుంది. ఆ బాధ పడలేకనే పెంకులు తీసేసి రేకులు వేయించుకున్న వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

బెంగుళూరు పెంకులు: పేరు బెంగుళూరుదే గాని, ఈ రకం పెంకుల పుట్టిల్లు మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ పెట్టిన కార్ఖానాతో ఇవి వ్యాపించాయి. కింద రీపర్లు బాగుంటే మార్చడం రెండు మూడు రోజులు. రీపర్లు కూడా మార్చాలంటే వడ్రంగి పని కలిసి వారం, పది రోజులు.

రేకులు: పాతవి విప్పడం ఒక రోజు. ఇనుప పైపులు వెల్డింగ్ చేసి నిలపడం రెండు రోజులు. గోడ నెత్తిన సిమెంటుతో మట్టం చేసి, నీళ్ళు పట్టి ఆరనివ్వడానికి మూడు నాలుగు రోజులు. రేకులు ఎక్కించి హుక్కులు బిగించడం ఒకటి రెండు రోజులు. మొత్తం మీద వారం. మేస్త్రి తొందరపడేది గోడ నెత్తి ఆరే ఆ మూడు నాలుగు రోజుల దగ్గరే. అక్కడ మాత్రం ఒప్పుకోకండి. పచ్చి సిమెంటు మీద బిగించిన రేకును మొదటి గాలిదుమారమే లేపుకుపోతుంది.

మట్టి మిద్దె తీసి రేకులు: మట్టి దించడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక్కో అర్ర మట్టి రెండు ట్రాక్టర్లు నిండుతుంది. పై నుంచి కిందికి కొద్దికొద్దిగా, రెండు వైపుల నుంచి సమంగా దించాలి. అంతా ఒక మూలకు లాగి పోగు చేస్తే ఆ మూల దూలం విరుగుతుంది. అన్నీ కలిపి రెండు వారాలు వేసుకోండి.

స్లాబు: గోడలు గట్టివైతే విప్పడం అయిదు రోజులు, సెంట్రింగ్ అయిదారు రోజులు, రాడ్లు కట్టడం మూడు రోజులు, కరెంటు పైపులు, ఫ్యాను హుక్కులు ఒక రోజు, స్లాబు పోయడం ఒక్క రోజు. ఆ తర్వాత సెంట్రింగ్ విప్పేదాకా ఆగడం. అంతా అయిదారు వారాలు. మట్టితో కట్టిన పాత గోడలైతే వాటి మీద స్లాబు వేయించకండి. "ఇంత మట్టిని మోసిన గోడ స్లాబును మోయదా?" అని ఎవరైనా అంటే వినకండి. గోడ లోపల ఏముందో, పునాది ఎంత లోతుందో ఇంజనీరు చూసి చెప్పాలి. కొత్తగా పిల్లర్లు లేపాల్సి వస్తే ఇంకో నెల. గోడలతో సహా కట్టాలంటే మూడు నాలుగు నెలలు.

తొందర చేయగూడని రోజులు

స్లాబు పోసిన మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆత్రం మొదలవుతుంది. సెంట్రింగ్ డబ్బాల కిరాయి పెరుగుతోందని మేస్త్రి, వంటిల్లు ఎప్పుడు సర్దుకుంటామని మనం. ఇక్కడ భారతీయ ప్రమాణాల సంస్థ వారి లెక్క ఒకటి గుర్తుంచుకోండి. ఒక గోడకూ ఇంకో గోడకూ మధ్య నాలుగున్నర మీటర్లు, అంటే సుమారు పదిహేను అడుగుల లోపు ఉన్న స్లాబు కింది పోట్లు తీయడానికి కనీసం 7 రోజులు ఆగాలి. అంతకు మించితే 14 రోజులు. దూలాల కింది పోట్లకు ఆరు మీటర్ల లోపు 14 రోజులు, దాటితే 21 రోజులు. ఇవి కనీసపు లెక్కలు. ఇంకా ఆగితే మంచిదే తప్ప నష్టం లేదు.

నీళ్ళు పట్టడం కూడా అంతే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు. ఎండ మండే రోజులైనా, బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటైనా కనీసం 10 రోజులు, 14 రోజులు పడితే ఇంకా మంచిది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పి.పి.సి.యే. బస్తా మీద చదివి చూసుకోండి. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపాలి. పొద్దున ఒకసారి బకెట్టుతో చల్లేసి వస్తే అది నీళ్ళు పట్టడం కాదు. సాధారణంగా ఈ బాధ్యత వచ్చి పడేది ఇల్లాలి మీదే కాబట్టి, రోజులు గోడ మీద బొగ్గుతో గీసుకోండి. ఎవరు తొందర పెట్టినా ఆ గీతలు చూపించండి.

పని ఎక్కడెక్కడ ఆగుతుంది?

సిమెంటు కోసమా అంటే కాదు. వాడపల్లి, మేళ్ళచెర్వు, మట్టంపల్లి ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు మన పక్కనే ఉన్నాయి. పని ఆగేవి వేరే చోట్ల.

మొదటిది మనుషులు. పాలమూరు సుతారి పనివాళ్ళకు దేశమంతా పేరుంది. హైదరాబాదు మొదలుకుని ముంబై, పుణె దాకా వాళ్ళు కట్టని ఇల్లు లేదు. కానీ మన ఊళ్ళో మన ఇంటికి దొరకరు! సంక్రాంతికి, ఉగాదికి, పీర్ల పండుగకు, దసరాకు ఊరికొస్తారు. మాట అడగాల్సింది అప్పుడే. సంక్రాంతికి వచ్చిన మేస్త్రితో ఫలానా తేదీ అని ఖాయం చేసుకుని బయానా ఇచ్చుకున్న ఇంటికి మాఘంలో పని జరుగుతుంది. ఏప్రిల్లో వెతుక్కునే ఇంటికి దొరికేది మిగిలిన మేస్త్రి.

రెండోది పంటలు. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి కోతలు ఏప్రిల్ దరిదాపుల్లో పడతాయి. అప్పుడు ట్రాక్టరూ దొరకదు, కూలి మనుషులూ దొరకరు. పత్తి ఏరే రోజుల్లో ఆడకూలీలంతా చేలల్లోనే ఉంటారు. మరోపక్క, ఆ పంట డబ్బు చేతికొస్తే గాని మనకు పని మొదలుపెట్టే ధైర్యం రాదు. పత్తి అమ్మిన డబ్బును స్లాబుకు దాచుకోవడం సులువు. వరి డబ్బు కోసం ఆగితే మే నెల వచ్చేస్తుంది.

మూడోది ఇసుక, నీళ్ళు. దుందుభి వాగులోనైనా, మూసీలోనైనా నీళ్ళు పారితే ఇసుక తీయనివ్వరు. అంటే వానకాలం ఇసుక కష్టం. ఎండాకాలం బోర్లు ఎండి నీళ్ళు కష్టం. రెండూ దొరికేది సంక్రాంతి నుంచి హోళీ దాకా. ఇసుక ముందే తోలించి పెట్టుకుంటే చెడిపోదు. సిమెంటు మాత్రం ముందే కొనిపెట్టకండి. నిలవ ఉండి మూడు నెలలు దాటితే దాని పట్టు తగ్గుతుంది.

నాలుగోది ముహూర్తం. పుష్యమాసంలో మొదలుపెట్టరు. ఆషాఢంలో ముట్టుకోరు. మూఢం వస్తే నెలా రెండు నెలలు ఆగిపోతారు. ఇంట్లో నెల తప్పిన కోడలుంటే ఇల్లు కదిలించగూడదంటారు. నమ్మకాలు ఎవరివి వాళ్ళవి. వాటిని కాదనమని నేనడం లేదు. ఉగాది రోజు పంచాంగం విన్నప్పుడే వచ్చే ఏడాది మూఢాలు ఎప్పుడో రాసి పెట్టుకోండి. మేస్త్రి వచ్చి నిలబడ్డాక అయ్యగారి దగ్గరికి పరుగెత్తితే ఆ మేస్త్రి ఇంకో ఇంటికి పోతాడు.

అయిదోది పరీక్షలు, పెళ్ళిళ్ళు. ఇంటరు, పదో తరగతి పరీక్షలు సాధారణంగా ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. పరీక్ష రాసే పిల్ల ఉన్న ఇంట్లో ఆ నెలలో సుత్తె చప్పుడు పెట్టకండి. ఆ పిల్లను అమ్మమ్మగారింటికి పంపగలిగితే సరే. లేదా పనే ముందుకు జరపండి.

ఆరోది డబ్బు వచ్చే వరస. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద 5 లక్షల రూపాయలు ఒక్కసారి ఇవ్వరు. పునాది, గోడలు, స్లాబు, ముగింపు అంటూ ఒక్కో దశ అయ్యాక, చూసి, ఖాతాలో వేస్తారు. అంటే ఒక దశ పని ముందు మన చేతి డబ్బుతో జరగాలి. ఆ డబ్బు సిద్ధంగా లేకపోతే గోడలు లేచి కప్పు లేకుండా వానలో నిలబడతాయి. కప్పు లేని గోడ ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. కింద పట్టూ, పైన కట్టూ లేని గోడను గాలిదుమారం తోసేస్తుంది. గోడలు లేపడానికి ముందే స్లాబు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోండి. మహిళా సంఘంలో అప్పు తీసుకునే ఆలోచన ఉంటే ఆ మాట సంఘంలో రెండు నెలల ముందే పెట్టండి.

పండుగలతో లెక్క

ఇప్పుడు కాగితం తీసుకుని మృగశిర కార్తె నుంచి వెనక్కి రండి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర. వానలు మన దగ్గరికి వచ్చేది ఇంచుమించు ఆ వారంలోనే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాబట్టి ఆ పదిహేను రోజులూ స్లాబు పనికి పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారాలు, వడగళ్ళు. అందుచేత కప్పు విప్పిన ఇల్లు ఏప్రిల్ నడిమికల్లా మళ్ళీ కప్పుకోవాలి.

స్లాబుకు ఇలా వేసుకోండి. దసరాకు ఇంజనీరుతో గోడలు చూపించడం, పంచాయతీలో గాని మునిసిపాలిటీలో గాని కావలసిన కాగితాలు అడగడం. సంక్రాంతికి మేస్త్రికి బయానా. మాఘమాసం రాగానే విప్పడం. శివరాత్రి అయ్యాక సెంట్రింగ్. హోళీ నాడు ఎవరూ పనికి రారు కాబట్టి ఆ మర్నాడు స్లాబు. హోళీ నుంచి ఉగాదికి పదిహేను రోజులు. మన పండుగలే మనకు లెక్క కట్టి పెట్టాయి చూడండి! ఆ పదిహేను రోజులూ నీళ్ళు పడితే ఉగాది దాటాక సెంట్రింగ్ విప్పుకోవచ్చు. శ్రీరామనవమికి కొత్త కప్పు కింద పానకం కలుపుకోవచ్చు. ఎక్కడైనా ఇరవై రోజులు జారినా వానకు ముందు ఇంకా నెల చేతిలో ఉంటుంది. ఆ నెల మిగలడం కోసమే ఇంత ముందు మొదలుపెట్టడం.

రేకులకైతే శివరాత్రి తర్వాత మొదలుపెట్టి హోళీలోపు ముగించండి. పెంకులు సర్దడానికి ఏప్రిల్ మొదటి వారం దాకా సమయముంది.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు

గుత్తకు ఇచ్చినా, రోజు కూలికి పెట్టుకున్నా ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టించండి. మా ఇంటి పని జరుగుతుండగా ఇంకో ఇంటి పని పట్టుకుంటావా? కప్పు విప్పిన రోజు నుంచి ఎన్ని రోజులకు మళ్ళీ కప్పు పడుతుంది? వాన వస్తే కప్పడానికి పట్టాలు ఎవరివి? విప్పిన దూలాలు, బండలు, పెంకులు ఎవరికి చెందుతాయి? పాత టేకు దూలానికి మంచి ధర వస్తుంది. ముందే మాట్లాడుకోకపోతే అది ఎటు పోయిందో తెలియదు.

బయానా మొత్తంలో పదో వంతు మించనివ్వకండి. పని సాగే కొద్దీ ఇవ్వండి. కొంత సొమ్ము, తక్కువే అయినా, మొదటి పెద్దవాన చూశాక ఇచ్చేట్టు మాట్లాడుకోండి. ఉరిస్తే వచ్చి బాగు చేస్తాడు. స్లాబు రోజున పనివాళ్ళకు దావత్ పెట్టడం మన దగ్గర రివాజు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. అన్నం మాత్రం పోత అయిపోయాకే వడ్డించండి. స్లాబు మధ్యలో ఆపగూడదు. సగంలో ఆగి మళ్ళీ పోస్తే ఆ అతుకులోనే రేపు నీళ్ళు దిగుతాయి. ఎండ ముదరకముందే, తెల్లవారుజామునే మిల్లర్ తిరగాలని మేస్త్రికి చెప్పండి.

పాత సిమెంటు రేకులు విప్పేటప్పుడు

ఇది చాలామందికి తెలియని సంగతి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నారరాయి ఉంటుంది. రేకు అలా పడి ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే, ఏళ్ళు గడిచాక క్యాన్సర్ దాకా తేవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆస్ట్రేలియా 2003 చివరి నుంచి, యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నుంచి దీన్ని నిషేధించాయి. కాబట్టి రేకుల మీద ముందు నీళ్ళు చల్లించండి. పై నుంచి విసిరేయకుండా చేతికి అందించమనండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పనివాళ్ళు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఆ ముక్కల్ని పొడి చీపురుతో ఊడ్చకండి, తడిపి ఎత్తించండి. పగిలిన ముక్కలు దంచి వాకిట్లో పరిచే అలవాటు అసలే వద్దు.

ఇంటి లోపల సర్దుకోవడం

వీలైతే ఇల్లంతా ఒక్కసారి విప్పించకండి. సగం విప్పి, కప్పి, మిగతా సగం విప్పించండి. రేకులకూ పెంకులకూ ఇది కుదురుతుంది. స్లాబుకు కుదరదు. వంటిల్లు చివర పెట్టుకోండి. వడ్లు, బియ్యం ముందే పక్కింట్లోనో చుట్టాలింట్లోనో పెట్టించండి. బంగారం, పట్టా పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మీ కంటి ముందు ఉంచుకోండి. కరెంటు తీగ ఇంటి కప్పును తాకి పోతుంటే విప్పడానికి ముందే లైన్‌మన్‌కు చెప్పి తీయించండి. తాటి చెట్టంత ధైర్యమున్న మేస్త్రి కూడా ఈ ఒక్క దగ్గర పొరపాటు చేస్తాడు. ముసలివాళ్ళకు ఆ నెల రోజులూ దుమ్ము పడదు. కూతురింటికి పంపడం మేలు.

ఈ ఏడు కుదరకపోతే?

అన్నీ చదివి, "మాకు ఈ ఏడు చేతకాదు" అనుకునే ఇళ్ళు ఉంటాయి. చేతిలో డబ్బు లేకపోవడం తప్పేమీ కాదు. అయినా మట్టి మిద్దెను అలాగే వదలకండి. వానకు ముందు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్నున్నాయి.

మిద్దె మీద ఈ ఏడు కొత్త మట్టి పోయకండి. ఎక్కువైన పాత మట్టిని దించి, పైన మందమైన పట్టా పరచి, అంచులు గాలికి లేవకుండా కట్టండి. నీళ్ళు పోయే తూములు శుభ్రం చేయండి. మిద్దె మీద మొలిచిన గడ్డి, రావి మొక్కలు పీకేయండి. వంగిన దూలం కింద గట్టి పోటు పెట్టించండి.

ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం ఆ అర్రలో ఇక పడుకోవద్దు: దూలం కొత్తగా వంగడం, దూలం కూర్చున్న చోట గోడ నెర్రెలు రావడం, రాత్రుళ్ళు కప్పులో టకటకమని విరిగే చప్పుడు, మంచం మీద మట్టి పొడి రాలడం, నిన్నటిదాకా పడిన తలుపు ఇవాళ పడకపోవడం, గోడ అడుగున పదును ఎక్కడం. ముసురు పట్టిన రోజుల్లో పిల్లల్ని తీసుకుని బడిలోనో, కమ్యూనిటీ హాల్లోనో, పక్కింటి స్లాబు కిందో పడుకోండి. పంచాయతీ కార్యదర్శికి చెబితే చోటు చూపిస్తారు. వాన ఆగగానే వెనక్కి పరుగెత్తకండి. నానిన మట్టి బరువు వెంటనే తగ్గదు. ఎండ కాసి గోడ ఆరేటప్పుడు కూడా నెర్రెలు విచ్చి కూలుతుంది. రెండు మూడు రోజులు చూసి వెళ్ళండి.

ఇంకొకరి ఇంట్లో పడుకోవడం నామోషీ అనుకునేవాళ్ళున్నారు. "సామాను వదిలి ఎట్ల పోతం?" అనేవాళ్ళూ ఉన్నారు. సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ మాట ఇంట్లో గట్టిగా చెప్పాల్సింది మీరే. పిల్లల పక్కబట్టలు చుట్టి చంకన పెట్టుకుని మీరు ముందు గడప దాటితే, మిగతా వాళ్ళు మీ వెనకే వస్తారు.

గుర్తుంచుకోండి

దసరాకు గోడల పరీక్ష. సంక్రాంతికి బయానా. మాఘంలో విప్పడం. హోళీ మర్నాడు స్లాబు. ఉగాదికి పదిహేను రోజులు నిండాలి. శ్రీరామనవమికి ఇంట్లోకి. మృగశిరకు నెల ముందే నిశ్చింత.

వచ్చే వారం: కొత్త స్లాబు మీద పాకుడు పట్టకుండా, నీళ్ళు దిగకుండా చూసుకోవడం ఎలాగో మాట్లాడుకుందాం.